ఇంటి చదువు: ఆటలు, పుస్తకాలు, చేతిపనులతో బిడ్డకు బోధించాలంటే.. కోల్‌కతా చరిత్ర ఏం చెబుతోంది, చట్టం ఏమంటోంది?

కోల్‌కతా: బిడ్డను బడికి పంపకుండా ఇంట్లోనే ఆటలతో, కథల పుస్తకాలతో, చేతితో చేసే పనులతో చదివించుకోవచ్చునా? నగరాల్లోని యువ దంపతుల మధ్య ఈ ప్రశ్న తరచుగా వినిపిస్తోంది. మూడేళ్ల పసివారి ప్రవేశాలకు సైతం తల్లిదండ్రులు బడుల చుట్టూ తిరగవలసి రావడం, నర్సరీ నుంచే రాతపని సంచిలో ఇంటికి రావడం ఇందుకు కొంత కారణం. అయితే దీనిని విదేశాల నుంచి దిగుమతి అయిన మోజుగా కొట్టివేయడం సరికాదు. ఆధునిక భారతీయ విద్యకు పుట్టిళ్లలో ఒకటైన కోల్‌కతాలో ఇంటి చదువుకు సుదీర్ఘమైన చరిత్ర ఉంది. అందులో గర్వించదగిన ఘట్టాలున్నాయి. అంతగా ఎవరూ చెప్పుకోని చేదు కూడా ఉంది. ఈనాడు ఇంట్లో బడి పెట్టాలనుకునే వారికి ఆ రెండూ తెలియడం అవసరం.

మైలురాళ్లపై నేర్చిన అంకెలు

1828లో మేదినీపూర్ ప్రాంతంలోని బీర్‌సింగా గ్రామం నుంచి ఎనిమిదేళ్ల బాలుడు తండ్రి ఠాకూర్‌దాస్ వెంట కాలినడకన కలకత్తాకు బయలుదేరాడు. అతడే తరువాతి కాలంలో ఈశ్వరచంద్ర విద్యాసాగర్‌గా ప్రసిద్ధుడయ్యాడు. దారి పక్కన నాటిన మైలురాళ్లను చూసి, మసాలా నూరుకునే సన్నికల్లును ఇక్కడెందుకు పాతారని ఆ బాలుడు తండ్రిని అడిగాడట. తండ్రి నవ్వి, అది దూరాన్ని తెలిపే రాయి అనీ, దానిపై చెక్కినవి ఇంగ్లీషు అంకెలనీ వివరించాడు. నగరం దగ్గరవుతున్న కొద్దీ రాళ్లపై సంఖ్యలు తగ్గుతూ వచ్చాయి. ఒక్కొక్క రాయినీ చూస్తూ బాలుడు అంకెలన్నీ నేర్చుకున్నాడు. నిజంగా వచ్చాయా, లేక వరుసను బట్టి ఊహించి చెబుతున్నాడా అన్న అనుమానం తండ్రికి కలిగింది. అందువల్ల ఆరో మైలురాయిని కనపడకుండా దాటించి, ఐదో రాయిని చూపించి అడిగాడు. ఇది ఆరు కావాలి, పొరపాటున ఐదు చెక్కారు అని కొడుకు జవాబిచ్చాడు.

ఈ వృత్తాంతాన్ని విద్యాసాగర్ తన అసంపూర్ణ ఆత్మకథలో స్వయంగా రాసుకున్నారు. బాలుడి ప్రతిభకు నిదర్శనంగా దీనిని చెప్పడం పరిపాటి. కానీ ఇందులో తండ్రి చేసిన పని అంతకంటె గమనించదగినది. పిల్లవాడు ప్రశ్న వేసేంత వరకు పాఠం మొదలుపెట్టలేదు. వచ్చిన ప్రశ్నను విసుక్కోకుండా అందుకున్నాడు. చేతిలో పలకా బలపం లేవు. దారిలో ఉన్నదే సాధనం. నేర్చినది కంఠస్థమా, అవగాహనా అని తేల్చుకోవడానికి ఆయన పన్నిన చిన్న ఉపాయం నేటి ఉపాధ్యాయ శిక్షణ కళాశాలల్లో చెప్పదగినంత పదునైనది. ఆ బాలుడే పెద్దవాడై 1855లో ‘వర్ణపరిచయ్’ అనే తొలి వాచకం రాశాడు. తరతరాల బెంగాలీ పిల్లలు అక్షరాలు దిద్దుకున్నది ఆ పుస్తకంతోనే.

జొరాసాంకోలో పెద్ద పాఠశాల, డల్హౌసీ దారిలో చిన్న పాఠం

ఇల్లే బడి అయితే బాల్యం దానంతటదే స్వేచ్ఛగా గడుస్తుందని చాలామంది నమ్ముతారు. ఉత్తర కోల్‌కతాలోని జొరాసాంకో ఠాగూర్ల భవనం ఈ నమ్మకాన్ని కొంత సడలిస్తుంది. రవీంద్రనాథ్ ఠాగూర్ చిన్నతనంలో ఒక బడి తరువాత మరో బడి మారారు, ఏదీ నచ్చలేదు. నిజానికి ఆయన చదువులో ఎక్కువ భాగం ఇంట్లోనే సాగింది. ‘జీవనస్మృతి’లో ఆయన వర్ణించిన దినచర్య చదివితే ఈ కాలపు పోటీ పరీక్షల విద్యార్థికి కూడా జాలి కలుగుతుంది. తెల్లవారకముందే మల్లుడితో కుస్తీ, ఒంటి మట్టి దులపకుండానే చొక్కా తొడుక్కుని గణితం, భూగోళం, చరిత్ర, సాహిత్యం, తరువాత బడి, సాయంత్రం వ్యాయామం, చిత్రలేఖనం, దీపాలు పెట్టాక ఇంగ్లీషు. మానవ శరీర నిర్మాణం నేర్పడానికి తీగలతో కట్టిన అస్థిపంజరం ఒకటి గోడకు వేలాడేది. వాన కురిసి వీధి మునిగిన సాయంత్రం, నేడు మాస్టారు రారన్న ఆశతో పిల్లలు వీధివైపు చూస్తుంటే, మలుపులో ఆయన గొడుగు కనిపించేదట.

అయితే ఆ సుదీర్ఘమైన పట్టికలో ఒక్క అంశాన్ని మాత్రం ఆయన ఇష్టంగా తలచుకున్నారు. ఆదివారాలు సీతానాథ్ దత్తా అనే ఆయన వచ్చి భౌతికశాస్త్ర ప్రయోగాలు చూపించేవారు. గాజుపాత్రలో నీరు పోసి, రంపపుపొట్టు వేసి, కింద మంట పెట్టేవారు. వేడెక్కిన నీరు తేలికై పైకి లేస్తుందని, పైన ఉన్న చల్లని నీరు కిందికి దిగుతుందని పొట్టు కదలికలో కళ్లారా కనిపించిన నాటి ఆశ్చర్యం ఆయనకు వార్ధక్యం దాకా గుర్తుంది. పాలలో నీరు వేరే పదార్థమని, కాచినప్పుడు అది ఆవిరై పోవడం వల్లనే పాలు చిక్కబడతాయని తెలిసిన రోజు ఎంతో సంతోషించారట. ఆ మాస్టారు రాని ఆదివారం ఆదివారంలా ఉండేది కాదన్నారు.

1873లో ఉపనయనం అయ్యాక, గుండు తలతో బడికి ఎలా వెళ్లాలా అని మథనపడుతున్న పదకొండేళ్ల బాలుణ్ని తండ్రి దేవేంద్రనాథ్ హిమాలయ యాత్రకు వెంట తీసుకువెళ్లారు. బోల్పూర్, అమృత్‌సర్‌ల మీదుగా డల్హౌసీ కొండల వరకు సాగిన ఆ ప్రయాణమే ఆయన జీవితంలో నిజమైన ఇంటి చదువు అనవచ్చు. బోల్పూర్ ఎర్రమట్టి గండ్లలో ఏరుకున్న గులకరాళ్లను పంచె చెంగులో మూటగట్టి తెస్తే తండ్రి కసరలేదు. ఎక్కడ దొరికాయని ఆసక్తిగా అడిగారు. ఖరీదైన తన బంగారు గడియారానికి రోజూ కీ ఇచ్చే బాధ్యత కొడుకుకే అప్పగించారు. ఉత్సాహం మితిమీరి అది మరమ్మతుకు కలకత్తా చేరింది. దానధర్మాలకు చిల్లర డబ్బు చేతికిచ్చి లెక్క రాయమన్నారు. లెక్క ఎప్పుడూ కుదిరేది కాదు. ఒకరోజు ఇచ్చినదాని కంటె ఎక్కువే మిగిలింది. రాత్రివేళ ఆకాశంలో నక్షత్ర మండలాలను చూపించి, ఖగోళ గ్రంథంలోని విషయాలను సులువుగా చెబితే, బాలుడు వాటిని బెంగాలీలో రాసుకునేవాడు.

ఒకే కుటుంబం, ఒకే బాలుడు, రెండు రకాల ఇంటి చదువులు. మొదటిదానిలో డబ్బు ఉంది, మాస్టార్లు ఉన్నారు, సాధనాలున్నాయి. రెండోదానిలో కొడుకు కోసం తీరిక చేసుకున్న ఒక పెద్ద మనిషి ఉన్నారు. ఆన్‌లైన్ తరగతులు, అబాకస్, కోడింగ్, స్పోకెన్ ఇంగ్లీషు అంటూ గంటగంటకూ పట్టిక వేసి దానికి ఇంటి చదువు అని పేరు పెట్టుకునే తల్లిదండ్రులు, తాము జొరాసాంకో మేడను కడుతున్నారా లేక డల్హౌసీ దారిలో నడుస్తున్నారా అని ఒకసారి ఆలోచించుకోవాలి.

శిలాయిదహలో తండ్రి పెట్టిన బడి

రవీంద్రనాథ్ తండ్రి అయ్యాక తన పిల్లలను బడికి పంపలేదు. 1898లో కుటుంబాన్ని కలకత్తా నుంచి పద్మానది ఒడ్డున ఉన్న శిలాయిదహ ఎస్టేటుకు తరలించారు. ఆ ఊరు ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. అక్కడ ఇంట్లోనే బడి ఏర్పాటైంది. ఇంగ్లీషు చెప్పడానికి లారెన్స్ అనే ఆంగ్లేయుడు వచ్చాడు; ఆయనకు పట్టుపురుగుల పెంపకమంటే పిచ్చి. ఎస్టేటు కచేరీలో ఉద్యోగి అయిన జగదానంద రాయ్‌లో బోధనా శక్తిని గుర్తించి గణితం, విజ్ఞానశాస్త్రం ఆయనకు అప్పగించారు. తండ్రి స్వయంగా బెంగాలీ చెప్పేవారు. పెద్ద కొడుకు రథీంద్రనాథ్ తన జ్ఞాపకాలలో ఈ రోజులను ప్రేమతో తలచుకున్నారు. నది, పడవ, ఈత, పొలాలు అన్నీ పాఠంలో భాగమయ్యాయి. ఈ అనుభవమే 1901 డిసెంబరులో ఐదుగురు విద్యార్థులతో మొదలైన శాంతినికేతన్ ఆశ్రమ పాఠశాలకు పునాది వేసింది.

చేదు ఇక్కడే ఉంది. అదే ఇంట్లో, అదే గురువుల దగ్గర చదువుకున్న పెద్ద కుమార్తె మాధురీలతకు 1901 జూన్‌లో పెళ్లి జరిగింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు. రెండు నెలలకే రెండో కుమార్తె రేణుకకు, పదేళ్ల పసిపిల్లకు, పెళ్లి చేశారు. రథీంద్రనాథ్ మాత్రం 1906లో వ్యవసాయశాస్త్రం చదవడానికి అమెరికాలోని ఇల్లినాయ్‌కు ఓడ ఎక్కారు. చదువు ఎంత చక్కగా సాగినా, ఇల్లు దాటి చూసే సాక్షి ఎవరూ లేనప్పుడు ఆ చదువు ఎక్కడ ఆగిపోవాలో ఇంటి పెద్దలే నిర్ణయిస్తారు. కలకత్తాలో బాలికల కోసం బెథూన్ పాఠశాల 1849లోనే ఆరంభమైంది. అంతఃపురంలో చదువు చెప్పించే సంపన్న కుటుంబాలకు కొదవ లేని కాలంలో, ఆడపిల్ల గడప దాటి బడికి వెళ్లడమే ఒక సామాజిక పోరాటం. బడి పాఠాలు చెప్పే చోటు మాత్రమే కాదు, ఇంటికి బయట పిల్లలను లెక్కపెట్టే మరో కన్ను. ఇంటి చదువును సమర్థించే వ్యాసాలలో ఈ విషయం ఎందుకో తరచుగా కనిపించదు.

గవ్వల్లో గణితం

చరిత్ర నుంచి ఇప్పటి ఇంటికి వస్తే, మొదటి ప్రశ్న సాధనాల గురించే. ఖరీదైన చెక్కబొమ్మల పెట్టెలు కొనాలా? తెలుగు ఇళ్లలో ఆ అవసరం చాలావరకు లేదు. వామనగుంటల పీటలో రెండు వరుసలుగా ఏడేసి గుంటలు, గుప్పెడు చింతపిక్కలు. ఒక గుంటలోని పిక్కలు తీసి వరుసగా ఒక్కొక్కటి పంచుకుంటూ పోయే బిడ్డ, ఒక వస్తువుకు ఒక స్థానం అన్న సూత్రాన్ని వేళ్లతో నేర్చుకుంటోంది. ఎక్కడ నుంచి తీస్తే చివరి పిక్క ఖాళీ గుంట ముందు పడుతుందో అంచనా కట్టడం మొదలుపెట్టిన రోజున మనసులో కూడికలు మొదలైనట్టే. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలూ వెల్లకిల పడితే నాలుగు, నాలుగూ బోర్లా పడితే ఎనిమిది. ఒకటి, రెండు, మూడు గవ్వలు పడటం కంటె ఆ రెండూ అరుదని ఆరేళ్ల బిడ్డకు ఆడగా ఆడగా తెలుస్తుంది. సంభావ్యత అనే పదం వినడానికి ఇంకా పదేళ్లు ఉండవచ్చు.

ఈ విషయంలో పరిశోధన కూడా ఉంది. 2008లో అమెరికాలో రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి పేద కుటుంబాల చిన్నారులతో, ఒకటి నుంచి పది వరకు గళ్లు వరుసగా ఉన్న పటంపై పాచికల వంటి ఆట ఆడించారు. విడతలుగా, మొత్తం మీద గంటసేపు సాగిన ఆటతోనే సంఖ్యల పరిమాణంపై పిల్లల అవగాహన మెరుగుపడింది. అంకెలకు బదులు రంగులు ఉన్న పటంతో ఆడిన వారిలో ఆ ఫలితం రాలేదు. తరువాతి అధ్యయనాల్లో మరో సూక్ష్మం తేలింది. పావు ఐదో గడిలో ఉండి రెండు పడితే, ‘ఒకటి, రెండు’ అని కాకుండా ‘ఆరు, ఏడు’ అంటూ గడిలోని అంకెను పలుకుతూ జరిపిన పిల్లలే బాగా నేర్చుకున్నారు. ఆట అదే, పలికే పద్ధతిలోనే ఉంది లాభం. వైకుంఠపాళి ఆడించే అమ్మమ్మలకు, తాతయ్యలకు ఈ ఒక్క మాట చెబితే చాలు.

ఇక్కడ భాషాశాస్త్ర విద్యార్థిగా ఒక చిన్న ప్రస్తావన. తెలుగులో పదకొండు, పదమూడు, పదిహేను వంటి మాటల్లో ‘పది’ వినిపిస్తూనే ఉంటుంది. ఇరవై దాటాక ‘ఇరవై ఒకటి, ఇరవై రెండు’ అంటూ దారి తిన్నగా సాగుతుంది. బెంగాలీలో అలా కాదు. హిందీలో మాదిరిగానే నూరు వరకు దాదాపు ప్రతి సంఖ్యకూ విడిగా పేరు నేర్చుకోవాలి. పైగా పంతొమ్మిదిని ‘ఉనిశ్’ అని, ఇరవై తొమ్మిదిని ‘ఉనత్రిశ్’ అని, అంటే ముప్ఫైకి ఒకటి తక్కువ అన్న అర్థంలో పలుకుతారు. సంఖ్యా పదాలు ఎంత పారదర్శకంగా ఉంటే పిల్లలు లెక్కించడం అంత త్వరగా నేర్చుకుంటారని చైనా, అమెరికా పిల్లలను పోల్చిన అధ్యయనాలు సూచించాయి. కోల్‌కతాలో పెరిగే తెలుగు బిడ్డ చుట్టూ బెంగాలీ, హిందీ, ఇంగ్లీషు అంకెలు ఉంటాయి. ఇంట్లో మొదట తెలుగులో లెక్కపెట్టించడం భాషాభిమానానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు, గణితానికి తేలికైన దారి కూడా.

వంటగది మరో ప్రయోగశాల. పాతకాలపు కొలపాత్రలు ఇంకా మిగిలి ఉంటే వాటిని అటక మీది నుంచి దించవచ్చు. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. బియ్యం కొలిపిస్తే రెట్టింపు, సగం, పావు అన్నీ చేతికి తెలుస్తాయి. ఒకే కొలత నీటిని వెడల్పు గిన్నెలోనూ పొడవు గ్లాసులోనూ పోసి ఎందులో ఎక్కువ ఉందని అడిగితే, ఐదేళ్ల బిడ్డ సాధారణంగా పొడవు గ్లాసే చూపిస్తుంది. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త పియాజే ప్రసిద్ధం చేసిన పరీక్ష ఇది. తప్పని దిద్దడం వల్ల ప్రయోజనం ఉండదు. మళ్లీ మళ్లీ పోసుకోనిస్తే ఏడు, ఎనిమిదేళ్ల నాటికి ఆ అవగాహన దానంతటదే కుదురుతుంది. చిన్న వయసులో చేతికి అంత సమయం ఇవ్వగలగడమే, నలభై మంది ఉన్న తరగతి గదితో పోలిస్తే ఇంటికి ఉన్న అసలైన సౌలభ్యం.

పుస్తకం, అక్షరం, రెండు లిపులు

బిడ్డకు చదవడం నేర్పడం వేరు, బిడ్డకు చదివి వినిపించడం వేరు. రెండోదానిని బడి చేయలేదు, ఇల్లు చేయగలదు. అయితే పుస్తకాన్ని ఏకబిగిన వినిపించడం కంటె, మధ్యలో ఆగి ‘ఇప్పుడు ఆ కాకి ఏం చేస్తుందంటావు?’ అని అడుగుతూ చదివితే చిన్నారుల భాష త్వరగా వికసిస్తుందని 1988లో గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం చూపింది. ఇదేమీ మనకు తెలియని విద్య కాదు. కథ చెప్పే నాయనమ్మలు ఊఁ కొట్టమనేది అందుకే.

కోల్‌కతా బాలసాహిత్యం ఈ పద్ధతికి అనువుగా పెరిగింది. ఉపేంద్రకిశోర్ రాయ్‌చౌధురి 1913లో ‘సందేశ్’ పత్రిక ప్రారంభించారు. ఆయన మనుమడు సత్యజిత్ రాయ్ ఎనిమిదేళ్ల ప్రాయంలో బాలీగంజ్ ప్రభుత్వ పాఠశాలలో చేరే వరకు ఇంట్లో తల్లి సుప్రభ వద్దే చదువుకున్నారు. 1930లో రవీంద్రనాథ్ రాసిన ‘సహజ్ పాఠ్’కు నందలాల్ బోస్ నలుపు తెలుపు బొమ్మలు గీశారు. అక్షరాన్ని, బొమ్మను, లయను ఒకే పేజీలో కూర్చిన ఆ వాచకం నేటికీ బెంగాలీ ఇళ్లలో ఉంది. తెలుగులో 1945 నాటి ‘బాల’, 1947 జులైలో వెలువడిన ‘చందమామ’ అటువంటి పనే చేశాయి.

తల్లిదండ్రులను ఎక్కువగా కలవరపెట్టేది అక్షరాలే. ఇంగ్లీషు అక్షరాలు ఇరవై ఆరూ కొద్ది నెలల్లో వచ్చేస్తాయి; తెలుగు గుణింతాలు, ఒత్తులు మాత్రం ఏళ్లు పడుతున్నాయని, బిడ్డ వెనకబడిందేమోనని భయపడతారు. వెనకబాటు కాదు. మన లిపిలో గుర్తించవలసిన రూపాలు వందల సంఖ్యలో ఉంటాయి. కన్నడ పిల్లలపై సోనాలి నాగ్ చేసిన పరిశోధనలో సంయుక్తాక్షరాలతో సహా లిపి పూర్తిగా పట్టుబడటానికి ప్రాథమిక పాఠశాల పై తరగతుల వరకు సమయం పడుతుందని తేలింది. తెలుగు లిపి నిర్మాణమూ అదే. ఆరేళ్లకే ‘స్త్రీ’, ‘లక్ష్మి’ తప్పుల్లేకుండా రాయాలని బలపం అరిగేదాకా దిద్దించడం కంటె, ఇసుకలో, బియ్యప్పిండి ముగ్గులో, కుమార్తులి నుంచి తెచ్చిన బంకమట్టిలో అక్షరాలు చేయించడం మేలు.

తెలుగు పుస్తకాలు కోల్‌కతాలో ఎక్కడ దొరుకుతాయని అడిగేవారు ఒక సంగతి తెలుసుకోవాలి. 1954 నాటి పుస్తక సమర్పణ చట్టం ప్రకారం దేశంలో ప్రచురితమయ్యే ప్రతి పుస్తకం ప్రతి ఒకటి అలీపూర్‌లోని జాతీయ గ్రంథాలయానికి చేరాలి. అక్కడ తెలుగుకు ప్రత్యేక విభాగం ఉంది. హైదరాబాద్‌లో దొరకని పాత తెలుగు పుస్తకం కోల్‌కతాలో కనిపించడం అరుదేమీ కాదు.

నగరమే తరగతి గది అన్న మాట వినడానికి బాగుంటుంది, ఆచరణలో బస్సులో నిద్రపోయే బిడ్డను ఎత్తుకుని తిరగడమే అవుతుంది. నెలకు ఒక చోటు చాలు. 1814లో స్థాపించిన ఇండియన్ మ్యూజియంలో భారీ శిలాజాల గది ఒక్కటే ఒక పూటకు సరిపోతుంది. గురుసదయ్ రోడ్డులోని బిర్లా పారిశ్రామిక, సాంకేతిక మ్యూజియంలో నమూనా బొగ్గుగని ఉంది. శివ్‌పూర్ ఉద్యానవనంలోని మహావటవృక్షం కింద ఊడలు లెక్కపెట్టమంటే సాయంత్రం దాకా తేలదు. బిడ్డ ఒక్క బొమ్మ ముందే అరగంట నిలబడితే నిలబడనివ్వాలి.

చట్టంలో ఎక్కడ ఉంది?

అసలైన సందేహం ఇది. రాజ్యాంగంలోని 21ఎ అధికరణం, దానికి అనుగుణంగా వచ్చి 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా ఇచ్చాయి. ఆరేళ్ల లోపు పిల్లలను బడిలో చేర్చి తీరాలన్న విధి ఏదీ తల్లిదండ్రులపై లేదు. 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు పునాది దశగా పరిగణించి ఆటపాటల ద్వారా బోధన సాగాలని చెప్పింది. 2022 అక్టోబరులో వెలువడిన పాఠ్యప్రణాళిక చట్రం దానిని వివరించింది. కాబట్టి నర్సరీ, కేజీల బదులు ఇంటి చదువు ఎంచుకునేవారికి చట్టపరమైన చిక్కు లేదు.

ఆరు దాటాకే సందిగ్ధం. చట్టంలోని 10వ సెక్షన్ బిడ్డను సమీప పాఠశాలలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అంటుంది. అలా చేర్పించని వారికి మాత్రం ఆ కేంద్ర చట్టంలో ఎలాంటి శిక్షా లేదు. నిర్బంధం అన్న పదాన్ని చట్టం ప్రభుత్వ బాధ్యతగానే నిర్వచించింది. ఇంటి ఆధారిత విద్య అన్న మాట మాత్రం ఒక్కచోట ఉంది. 2012 సవరణ ద్వారా బహుళ వైకల్యాలు, తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలకు ఇంటి నుంచే చదువుకునే హక్కు కల్పించారు. మిగతా పిల్లల విషయంలో చట్టం స్పష్టంగా అనుమతించలేదు, పేరు పెట్టి నిషేధించనూ లేదు. ఆ మౌనంలోనే దేశంలోని ఇంటి చదువు కుటుంబాలు కాలం గడుపుతున్నాయి. మౌనాన్ని అనుమతిగా భావించి నిశ్చింతగా ఉండటం వివేకం కాదు.

పరీక్షల దారి తెరిచే ఉంది. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ప్రాథమిక స్థాయిలో ఏ, బీ, సీ అనే మూడు దశలను నిర్వహిస్తోంది. అవి వరుసగా 3, 5, 8 తరగతులకు సమానం. పదో తరగతి స్థాయికి 14 ఏళ్లు నిండాలి. నమోదైన అభ్యర్థికి ఐదేళ్ల వ్యవధి ఉంటుంది. తెలుగు మాధ్యమం కూడా అందుబాటులో ఉంది. పశ్చిమ బెంగాల్‌లో రవీంద్ర ముక్త విద్యాలయం, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సార్వత్రిక విద్యాపీఠాలు ఇటువంటి సేవలే అందిస్తున్నాయి. అయినా ఈ దారిలో గతుకులున్నాయి. సార్వత్రిక పాఠశాలల విద్యార్థులు వైద్య ప్రవేశ పరీక్ష రాయడానికి అర్హులని 2018లో ఢిల్లీ హైకోర్టు చెబితే గానీ వారికి ఊరట లభించలేదు. ఐదేళ్ల బిడ్డకు ఇంటి చదువు మొదలుపెట్టే తండ్రి, పద్నాలుగో ఏట ఆ బిడ్డ చేతిలో ఏ ధ్రువపత్రం ఉంటుందో ముందే ఆలోచించాలి.

ఎవరి సమయం?

ఇంటి చదువుకు రుసుము లేదనుకోవడం పొరపాటు. రోజూ కొన్ని గంటలు పూర్తి మనసుతో కూర్చునే ఒక పెద్ద మనిషి కావాలి. ఆచరణలో ఆ మనిషి తల్లే అవుతుంది. వదులుకునేది ఆమె ఉద్యోగమే అవుతుంది. ‘మా ఇంట్లో చదువంతా మా ఆవిడే చూసుకుంటుంది’ అని గర్వంగా చెప్పే భర్తలు ఆ వాక్యంలోని లెక్కను గమనించరు. సీతానాథ్ దత్తా లాగా ఆదివారం ప్రయోగం తండ్రి చేయవచ్చు, అమావాస్య రాత్రి మేడ మీద నక్షత్రాలు తాతయ్య చూపవచ్చు. ఒక్కరి మీదే భారం పడిన ఇంటి బడి రెండో ఏడాదికే విసుగుగా, మూడో ఏడాదికి కోపంగా మారే ప్రమాదం ఉంది.

తోడు పిల్లలు లేకపోవడం మరో లోటు. ఒప్పందాలు చేసుకోవడం, ఓడిపోవడం, అలిగి మళ్లీ మాట కలపడం తల్లిదండ్రులతో ఆడితే రావు; పెద్దలు కావాలని ఓడిపోతారు కదా. పార్కులో సాయంత్రం గంటసేపు ఆట దీనికి కొంత సరిపోవచ్చు కానీ, వేరే మతం, వేరే కులం, వేరే ఆదాయం ఉన్న ఇంటి బిడ్డతో ఒకే బల్లపై కూర్చునే అవకాశం అపార్ట్‌మెంట్ పార్కులో దొరకదు.

కొవిడ్ కాలంలో పశ్చిమ బెంగాల్‌లో ప్రాథమిక పాఠశాలలు దాదాపు రెండేళ్లు మూతపడ్డాయి. 2022 ఫిబ్రవరి 7న ‘పాడాయ్ శిక్షాలయ్’ పేరిట వీధుల్లో, మైదానాల్లో చెట్ల నీడన తరగతులు మొదలుపెట్టాకే చాలామంది చిన్నారులు మళ్లీ గురువు ముఖం చూశారు. ఆ రెండేళ్లు ప్రతి ఇల్లూ బలవంతంగా బడి అయింది. పుస్తకాలు, ఫోను, చదువుకున్న తల్లిదండ్రులు ఉన్న ఇళ్లలో పిల్లలు నిలదొక్కుకున్నారు. పొద్దున్నే కూలికి వెళ్లే తల్లి ఉన్న ఇంట్లో ఆ బడి పేరుకు కూడా లేదు. ఇంటి చదువు ఎంపిక కావాలంటే ముందు బడి అనేది నమ్మకంగా అందుబాటులో ఉండాలి.

వెనక్కి వచ్చే దారి

ఇంటి చదువు మొదలుపెట్టిన కుటుంబం రెండు, మూడేళ్ల తరువాత మనసు మార్చుకోవచ్చు. బదిలీ కావచ్చు, రెండో బిడ్డ పుట్టవచ్చు, బిడ్డే బడికి వెళతానని అడగవచ్చు. విద్యాహక్కు చట్టంలోని 4వ సెక్షన్ ప్రకారం, ఆరేళ్లు దాటినా ఎన్నడూ బడిలో చేరని బిడ్డను వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి, అవసరమైతే ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. ప్రవేశానికి బిడ్డకు గానీ తల్లిదండ్రులకు గానీ పరీక్ష పెట్టడాన్ని 13వ సెక్షన్ నిషేధిస్తోంది. వయసు రుజువు లేదన్న కారణంతో ప్రవేశం నిరాకరించరాదని 14వ సెక్షన్ అంటోంది. అయినా జనన ధ్రువపత్రం సిద్ధంగా ఉంచుకోవడం, బిడ్డ చదివిన పుస్తకాల పట్టికను, గీసిన బొమ్మలను, రాసిన కాగితాలను తేదీలతో ఒక ఫైలులో భద్రపరచడం మంచిది. ప్రధానోపాధ్యాయుడి బల్ల ముందు మార్కుల జాబితా లేని బిడ్డ తరఫున మాట్లాడేది ఆ ఫైలే.